గోదాం మైసమ్మ

ఎల్లస్వామి మేస్త్రి నోటికి వాటా ఇవ్వకుండా ఏ సరుకూ జడ్చర్ల దాటి పోలేదు. జొన్నలు వస్తే గుప్పెడు జొన్నలు, బెల్లం వస్తే ఒక పెళ్ల, చింతపండు వస్తే ఒక రెబ్బ, పల్లికాయ వస్తే దోసెడు కాయలు. స్టేషను పక్కనున్న పెంటయ్య సావుకారి గోదాములోకి బస్తా వచ్చినా ఆయనే ముందు రుచి చూడాలి, బయటికి పోయినా ఆయనే చూడాలి. ఒక్క ఆముదాలకు మాత్రం మినహాయింపు. పడుచుతనంలో ఎవరితోనో పందెం కాసి ఆముదపు గింజలు నమిలాడు. ఆ తర్వాత ఏం జరిగిందో ఆయన చెప్పడు గానీ, జడ్చర్లలో ఎవరినడిగినా చెబుతారు.

"గిది దొంగతనం కాదా మేస్త్రీ?" అని ఎవరైనా అంటే ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది.

"సర్కారోడు నాకా కాడ బండి ఆపి వసూలు చేస్తడు గద. వాన్ని దొంగ అంటున్నవా? నా నోరు గూడ నాకానే అనుకో."

అరవైల్లో పాలమూరు జిల్లా పండించిందంతా, కొనుక్కున్నదంతా ఏదో ఒక పూట ఆ గోదాము గడప తొక్కాల్సిందే. అచ్చంపేట అడవి వైపు నుంచి చింతపండు, తేనె, జిగురు. కల్వకుర్తి, నాగర్‌కర్నూల్ వైపు నుంచి ఆముదాలు, పల్లికాయ. ఎడ్లబండ్ల మీద కొన్ని, లారీల మీద కొన్ని వచ్చి అక్కడ దిగేవి. కొన్నాళ్లు కాళ్లు చాపుకుని పడుకుని, గూడ్సు బండి పెట్టె దొరికితే సికింద్రాబాద్ పోయేవి. అక్కడ చిన్న పట్టాల బండి దిగి పెద్ద పట్టాల బండి ఎక్కి బొంబాయి పోయేవి. వచ్చేటప్పుడు ఉప్పు, కిరసనాయిలు, బట్టల బేళ్లు అదే దారిన ఎదురొచ్చేవి. బస్తాకు కాళ్లు లేవు గనుక ఎక్కిన ప్రతి చోటా, దిగిన ప్రతి చోటా ఒక మనిషి మెడ కావాలి. బొంబాయిలో సబ్బు రుద్దుకునే పెద్దమనిషికి, ఆ సబ్బులోని ఆముదం ఎవరి మెడ మీదుగా వచ్చిందో తెలియకపోవడమే మంచిది. తెలిస్తే స్నానం మానేస్తాడు. ఎల్లస్వామి మెడ అంత గొప్ప శుభ్రంగా ఏమీ ఉండేది కాదు.

ఆయనది గొర్లు కాసుకునే ఇల్లు. గొర్రె మాట వినదని, బస్తా ఎదురు చెప్పదని, తండ్రితో పోట్లాడి హమాలీ పనికి వచ్చాడు. ఆంధ్రప్రదేశ్ వచ్చిన ఏడు మేస్త్రి అయ్యాడు. మేస్త్రి అయినవాడు బస్తా ఎత్తడు. చెట్టు కింద నులక మంచం మీద కూర్చుని "ఓ భిక్షం, అటు కాదురా, ఇటు" అని అరుస్తాడు. బస్తాలు లాగే ఇనుప కొక్కెం మాత్రం నడుముకు వేలాడుతూనే ఉండేది. పని కోసం కాదు, సింగారానికి. మంచం మీద పదేళ్లు కూర్చునేసరికి ఆయనకూ ఒక పొట్ట వచ్చింది. దాన్ని కూడా హోదాలో భాగమే అనుకున్నాడు.

ఈ మనిషి లోకంలో ఒక్కరికే భయపడేవాడు. సావుకారికి కాదు, పెళ్లానికి కాదు, చెల్లెలు గోపమ్మకు. తల్లి పోయేనాటికి గోపమ్మ చంటిది. ఈయనే గొంగడిలో చుట్టుకుని గొర్ల వెంట తిప్పుతూ, గొర్రెపాలు తాపి పెంచాడు. అట్లా పెంచితే పిల్ల మెత్తగా అవుతుందనుకుంటాం గానీ, గోపమ్మ నోరు విప్పితే ఊరి పోట్లపొట్టేలు కూడా పక్కకు తప్పుకునేది. అచ్చంపేట అవతల అడవి అంచున ఉన్న ఒక పల్లెలో పర్వతాలు అనే రైతుకిచ్చి పెళ్లి చేశారు. పర్వతాలు మాట్లాడడు. ఇంట్లో మాట్లాడే పని మొత్తం గోపమ్మే చూసుకునేది.

అరవై అయిదులో వాన మొహం చాటేసింది. చేలు ఎండాయి, బావులు అడుగు చూపించాయి. ఆ ఏడు పుష్యమాసంలో ఒకరోజు పొద్దున గోపమ్మ లారీ మీద కొన్ని పల్లికాయ బస్తాలు వేసుకుని గోదాము ముందు దిగింది.

"అమ్మనీకి తెచ్చినవా చెల్లె?" అన్నాడు ఎల్లస్వామి.

"అమ్మనీకి కాదన్నా, దాచనీకి. విత్తనం కాయ. మా వాడకట్టుల నాలుగిండ్లది."

"ఇంట్ల జాగ లేదా?"

"జాగ ఉన్నది. ఆకలి గూడ ఉన్నది. కండ్ల ముంగట ఉంటే తింటం అన్నా. పోరగాండ్లు ఏడుస్తుంటే ఎవలాగుతరు? అందరికన్న ముంగట నేనే మూట ఇప్పుత. అందుకే మా చేతికందని జాగల పెట్టాలని నలుగురం అనుకున్నం. వాన పడ్డంక వస్త. అప్పుడియ్యి."

ఎల్లస్వామి ఛాతీ చరుచుకున్నాడు. "నువ్వు లారీ దిగి చీర దుమ్ము దులుపుకునే లోపల నీ బస్తాలు లారీల ఉంటయ్. ఇంత దానికి ఫికర్ ఎందుకు?"

ఈ మాట అంటూనే ఆయన చెయ్యి, అలవాటు ప్రకారం, ఒక బస్తా మూతిలోకి దూరింది. గోపమ్మ ఆ చేతి మీద ఒక్కటి కొట్టింది. హమాలీలంతా తలలు తిప్పి చూసేంత గట్టిగా కొట్టింది.

"ముట్టకు. గిండ్లకెల్లి ఒక్క కాయ మా పిల్లలకే పెట్టలే."

మేస్త్రి కాయలు బస్తాలో వదిలేసి చెయ్యి రుద్దుకున్నాడు. తర్వాత ఆ బస్తాలను తానే దగ్గరుండి వెనక గోడ మూలన, చెక్కల మీద పేర్పించాడు. గోదాము మొత్తంలో వాన కారని చోటు అదొక్కటే. సావుకారి లక్ష్మీదేవి పటం మీద కూడా చుక్కలు పడతాయి గానీ అక్కడ పడవు. అంటే మనవాడికి చెల్లెలి మీద ప్రేమ లేక కాదు, తర్వాత జరిగింది వేరే.

తర్వాత ఆముదాలొచ్చాయి. కరువులో కూడా ఆముదం చెట్టు సిగ్గు లేకుండా నిలబడి కాస్తుంది. ఆ ఏడు గూడ్సు పెట్టెలన్నీ తిండిగింజలు మోయడానికి పోయాయి, ఆముదాలకు పెట్టె దొరకలేదు. దొరికినా పెంటయ్య సావుకారికి తొందర లేదు, బొంబాయిలో ధర లేవాలని చూస్తున్నాడు. అందుకని వచ్చిన బస్తా వచ్చినట్టు లోపలికి పోయి కూర్చుంది. పల్లికాయ ముందు ఒక వరుస, దాని ముందు ఇంకో వరుస, చివరికి వాసాలకు తగిలేంత దొంతి లేచింది.

దొంతి కట్టడానికి ఒక పద్ధతుంది. ఒక వరుస నిలువుగా పేరిస్తే, దాని మీది వరుస అడ్డంగా పేర్చాలి. అప్పుడు బస్తాలు ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడతాయి. ఇది ప్రతి హమాలీకీ తెలుసు. అయితే దొంతి కట్టిన నాటికి ముందురోజే భిక్షం మేనల్లుడి పెండ్లి. ఆ పెండ్లిలో కల్లు కుండలు ఖాళీ చేసింది ఈ ముఠానే. హమాలీలు సగం కళ్లు మూసుకుని బస్తాలన్నీ నిలువుగానే పేర్చేశారు. మేస్త్రి రెండు కళ్లూ మూసుకుని మంచం మీద పడుకున్నాడు. ఎండాకాలం నడిమధ్యకు వచ్చేసరికి దొంతికి మేస్త్రికి ఉన్నట్టే పొట్ట వచ్చింది. పొట్ట వచ్చిన దొంతి ఏదో ఒకరోజు మనిషి మీద పడుతుంది.

సావుకారు గోదాములోకి వచ్చి తల వంచి చూసి, తల ఎత్తి చూసి, "ఎల్లస్వామీ, రేపు దీన్ని మొత్తం ఇప్పి మల్ల కట్టుండ్రి" అని పోయాడు.

బయట రాళ్లు పేలే ఎండ. లోపల రేకుల కింద రొట్టె కాలుతుంది. అంత దొంతి విప్పి మళ్లీ కట్టడమంటే హమాలీలు మేస్త్రిని కూడా ఒక చెయ్యి వెయ్యమంటారు, ఎందుకంటే పడుకుంది ఆయనే కదా. ఎల్లస్వామి ఆ సాయంత్రం చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

మర్నాడు సావుకారు వచ్చేసరికి దొంతి ముందు ఒక నల్ల రాయి నిలబడి ఉంది. రాయికి పసుపు, పసుపు మీద కుంకుమ, చుట్టూ వేపమండలు, ముందు ఒక నిమ్మకాయ. పక్కన ఎల్లస్వామి తలస్నానం చేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన తలస్నానం చేయడమే సగం మహిమ.

"ఏందిది?" అన్నాడు సావుకారు.

"కలల వచ్చింది సావుకారీ. ఎర్ర చీర, చేతిల ఏపమండ. 'ఎల్లస్వామీ, ఊరూర తిరిగి కాళ్లు గుంజుతున్నయ్, జర గీ బస్తాల కాడ కూసుంట' అన్నది. 'కూసో తల్లీ, నీ దగ్గర కిరాయి తీసుకుంటమా' అన్న."

"ఎవలు?"

"మైసమ్మ. చెరువు కట్టకు కట్ట మైసమ్మ ఉండంగ, గోదాంకు గోదాం మైసమ్మ ఉండొద్దా?"

సావుకారు చెప్పులు విడిచాడు. "మరి దొంతి కదిలిస్తే?"

"ఏమైతదో నాకేం తెలుసు. కదిలిచ్చినోన్ని అడగాలె, ఆడు మిగిలితే."

దొంతి కదల్లేదు. భిక్షం అప్పటికప్పుడు కొబ్బరికాయ కొట్టాడు. సావుకారు ప్రతి ఆదివారం అమ్మకు ఒక కోడి, హమాలీలకు ఒక కల్లు కుండ ఒప్పుకున్నాడు. ధర లేచినాక అమ్మను బతిమాలుకుందాం అనుకున్నాడు గావచ్చు. ఆ రోజంతా బయట లారీ డ్రైవరు ఒకడు "నా చక్రం కింది రాయి ఏ దొంగ లంజకొడుకు ఎత్తుకపోయిండు?" అని తిడుతూ తిరిగాడు. ఎల్లస్వామి ఆ తిట్లన్నీ వింటూ గంభీరంగా కూర్చున్నాడు.

గోదాము ఊడ్చి, నేల రాలిన గింజలు చేటలో ఏరుకుని బతికే ముసలమ్మ గుర్వమ్మ సాయంత్రం ఆయన మంచం దగ్గరికి వచ్చింది.

"కొడుకా, నాకు కాలు."

"ఏం కాలు అవ్వా?"

"ఐతారం కోడి కాలు. లేకుంటే డ్రైవరుకు వాని రాయి దొరుకుతది."

అట్లా గుర్వమ్మకు కోడికాలు ఖాయమైంది. మిగతా వాళ్లకు భక్తి ఖాయమైంది. హమాలీలు అటు పోతే తలపాగా తీసేవాళ్లు. బూతులు ఆడాలనిపిస్తే బయటికి పోయి ఆడి వచ్చేవాళ్లు. భిక్షం పూజారి అయిపోయాడు, గొంతు కూడా మార్చుకున్నాడు. చోద్యం ఏమిటంటే, కొన్నాళ్లకు ఎల్లస్వామికే లోపల భయం మొదలైంది. ఒంటరిగా రాయి ముందు నుంచి పోవాల్సి వస్తే ఎవరూ చూడకుండా చెంపలు వేసుకునేవాడు. తను చెప్పిన అబద్ధం తననే మెడ పట్టుకుంది. అయినా ఐతారం కోడి మాత్రం వదల్లేదు. ఇన్ని ఐతారాల్లో ఒక్కసారైనా ఆ దొంతి వెనక ఏముందో గుర్తు రావాలా వద్దా? రాలేదు. కడుపు నిండినవాడికి వెనక గోడ గుర్తుకు రాదు మరి.

మిరుగు కార్తె ప్రవేశించింది. నల్లమల వైపు మంచి వాన పడిందని లారీల వాళ్లు చెప్పుకున్నారు. మూడోనాటి పొద్దున ఉప్పు కోసం వచ్చిన లారీలోంచి గోపమ్మ, పర్వతాలు దిగారు. ఎల్లస్వామి మంచం మీద జొన్నలు నములుతూ వాళ్లను చూశాడు. ముందు గుర్తు పట్టలేదు. గోపమ్మ చేతి గాజులు, చెయ్యి ఎత్తితే మోచేతి దాకా జారుతున్నాయి.

"అన్నా! వాన పడ్డది!" అని అంత దూరం నుంచే అరిచింది. గొంతు మాత్రం పాతదే. "భూమి పదును మంచిగున్నది. గీ లారీ ఉప్పేసుకొని పొద్దుగూకక ముంగటనే తిరిగి పోతదట. గిదే లారీల మా బస్తాలేసుకొని పోతం. మల్ల లారీ వారం దాటినంక గని రాదట. అప్పటిదాంక పదును ఉండది. యేడ పెట్టినవ్ మా కాయ?"

అప్పుడు గుర్తొచ్చింది. ఎల్లస్వామి నోట్లో జొన్నలు ఉన్నచోటే ఉండిపోయాయి.

"కూసో చెల్లె. నీళ్లు తాగు. ఇంత సల్ల తాగు. బావా, నువ్వు గూడ కూసో."

"లారీ దిగి దుమ్ము దులుపుకునే లోపల ఇస్త అంటివి. దులుపుకున్న. ఇయ్యి."

మేస్త్రి సల్ల చెంబు కోసం లేస్తుండగా భిక్షం ఎంతో ఉత్సాహంగా వచ్చి గోపమ్మను లోపలికి తీసుకుపోయాడు. అమ్మ ఎట్లా వచ్చిందీ, కలలో ఏమన్నదీ, ఏ చీర కట్టుకున్నదీ, అన్నీ తనే చూసినట్టు చెప్పాడు. "మీ కాయ అమ్మ ఎనుక ఉన్నది చెల్లె. గంత భద్రంగ ఇంకెక్కడ ఉంటది? అయితే దొంతి ఎవలు ముట్టరు."

గోపమ్మ దొంతిని చూసింది. రాయిని చూసింది. ఇక తిట్లు మొదలవుతాయని ఎల్లస్వామి మెడ లోపలికి లాక్కున్నాడు. తిడితే బాగుండేది. ఆమె కొంగు భుజాల మీదుగా కప్పుకుని, రాయి ముందు మోకాళ్ల మీద కూర్చుని నేలకు నొసలు తాకించింది. లేచేటప్పుడు కళ్లు తిరిగితే పర్వతాలు రెక్క పట్టుకున్నాడు.

"ఏం జేస్తం అన్నా," అంది. "అమ్మ కూసున్నంక మనం లెమ్మంటమా. మా రాత గింతే ఉన్నది." మొగుడి వైపు తిరిగి, "పోదాం పా," అంది.

ఊరి మీద ఎవరినీ లెక్కచేయని చెల్లెలు, గొర్రెపాలు తాపి పెంచిన చెల్లెలు, లారీ చక్రం కింది రాయికి దండం పెట్టి ఉత్త చేతులతో పోతోంది. ఎల్లస్వామికి సిగ్గుతో ఒళ్లు మండింది.

"ఆగు చెల్లె! అది అమ్మ కాదు. లారీ రాయి. నేనే పెట్టిన."

భిక్షం రెండు చెంపలూ వాయించుకున్నాడు. "తప్పు తప్పు. మేస్త్రికి ఎండ తలకెక్కింది తల్లీ, మనసుల పెట్టుకోకు."

"ఎండ కాదురా! పసుపు నేనే పూసిన. కల లేదు, ఏం లేదు."

"నువ్వే పెట్టినవు మేస్త్రీ, సరే," అన్నాడు భిక్షం పూజారి గొంతుతో. "నీ చేత పెట్టిచ్చింది ఎవలు?"

అబద్ధం చెప్పిననాడు ఒక్క మాటకే నమ్మిన మనుషులు, నిజం చెబితే దవాఖానకు తీసుకుపోదామంటున్నారు. సావుకారు వచ్చి విని, "ఎల్లస్వామీ, నోరు కడుక్కో" అని దూరం నుంచే దండం పెట్టి వెళ్లిపోయాడు.

గోపమ్మ ఒక్కతే నమ్మింది. అన్న మొహం చిన్నప్పటి నుంచి చూస్తున్న మనిషి.

"ఎందుకు పెట్టినవ్?"

"దొంతి ఒంగింది. మల్ల కట్టుమన్నరు. ఎండ ఉండె."

"గంతేనా?"

"ఐతారం ఐతారం కోడి వచ్చె," అన్నాడు ఎల్లస్వామి నేల చూస్తూ.

"మేం ఇప్పపువ్వు ఉడకేసుకొని తిన్నమన్నా. పిల్లలు కాయ అడిగితే, మామ కాడ ఉన్నది, ఆడ ఎవలు ముట్టరు అని చెప్పిన."

ఆనాడు చెయ్యి మీద కొట్టిన దెబ్బే నయం. ఎల్లస్వామి రుమాలు తలకు చుట్టి, పంచె ఎగ్గట్టి, నడుము నుంచి కొక్కెం తీశాడు. సింగారానికి వేలాడిన కొక్కేనికి తుప్పు పట్టి ఉంది. రాయి దగ్గరికి పోయాడు. కళ్లు మూసుకుని రాయి ఎత్తాడు. పిడుగు పడలేదు. రాయి కింద ఒక బొద్దింక మాత్రం ఉంది, అది కూడా తన దారిన తాను పోయింది.

"ఇగో నీ రాయి," అని లారీ డ్రైవరుకు ఇవ్వబోయాడు. ఆనాడు పొద్దంతా రాయి కోసం ఊరిని తిట్టిన ఆ డ్రైవరే నాలుగడుగులు వెనక్కి వేశాడు. "నాకొద్దు. నా బండి లోయల పడాల్నా?"

అప్పుడు గుర్వమ్మ కొంగు పట్టింది. "ఇట్ల తే కొడుకా. నా పొయ్యికి ఒక రాయి తక్కువున్నది."

ఇక దొంతి మిగిలింది. హమాలీలంతా అరుగు మీద వరుసగా కూర్చున్నారు. పగ ఉండి కాదు. అమ్మ ఏం చేస్తుందో చూడాలని. ఎల్లస్వామి పొట్టతో, పదేళ్ల తర్వాత, బస్తాల మీద కాలు పెట్టి పైకి పాకాడు. పైబస్తా లాగి వీపు మీద వేసుకున్నాడు. దిగేటప్పటికి రొమ్ము ఎగిరిపడుతోంది. రెండోది, ఇంకోటి. ముందు వరుసలన్నీ విప్పే ఓపికా లేదు, పొద్దూ లేదు. వెనక గోడ దాకా ఒక మనిషి పట్టే సందు చేస్తే చాలు. పర్వతాలు కాసేపు చూశాడు. అంగీ విప్పి భార్యకిచ్చి, దొంతి కింద నిలబడి భుజం వంచాడు.

"బావా, దించు," అన్నాడు. ఆ రోజు పర్వతాలు అన్న మాట అదొక్కటే.

పొద్దు నడినెత్తి దాటింది. బయట లారీలో ఉప్పు బస్తాలు పడుతున్న చప్పుడు. ఎల్లస్వామి మెడ తోలు లేచింది. ఏళ్లుగా మంచం మీద నుంచి "అటు కాదురా, ఇటు" అని అరిచిన మాటలన్నీ ఆయన ఒంట్లోకే తిరిగి వచ్చినట్టున్నాయి. అప్పుడే దొంతి పొట్ట జారింది. ఒక బస్తా పక్కకు దొర్లి మేస్త్రి పాదం మీద పడింది.

"అమ్మా! చూపిచ్చింది!" అని అరుగంతా లేచి నిలబడింది.

"అమ్మ కాదురా, మీ అమ్మ!" అని కింద పడ్డచోటు నుంచే గర్జించాడు ఎల్లస్వామి. "నిలువు మీద అడ్డం పెట్టకుంటే గిట్లనే పడ్తది! కల్లు తాగి మీరు కట్టిండ్రు, కల్లు తాగి నేను పన్న! గీ పాపం దేవతకెందుకురా పూస్తరు!"

గోపమ్మ వచ్చి బస్తా పక్కకు తోసి, తన కొంగు చింపి ఆ కాలికి చుట్టింది. చుట్టేటప్పుడు గట్టిగానే లాగింది. ఆయన అబ్బా అన్నాడు, ఆమె ఇంకా గట్టిగా లాగింది. ఆయన మళ్లీ లేచాడు.

లారీ మొదటిసారి హారన్ కొట్టినప్పుడు వెనక గోడ కనిపించింది. పల్లికాయ బస్తాలు పెట్టినవి పెట్టినట్టు, చెక్కల మీద చల్లగా, పొడిగా ఉన్నాయి. వాటిని చూసి ఎల్లస్వామి కూలబడ్డాడు. ముందు బస్తా లాగుతుంటే మూతి కుట్టు జారి నాలుగు కాయలు నేల మీద పడ్డాయి. ఆయన చెయ్యి దానంతటది పోయింది. కాయలు తీసింది, నోటి దాకా తెచ్చింది. పొద్దున నమిలిన జొన్నలు తప్ప ఆ కడుపులో ఏమీ పడలేదు. ఎదురుగా గోపమ్మ నిలబడి ఆ చేతిని చూస్తోంది. ఈసారి కొట్టలేదు. ఎల్లస్వామి చెయ్యి దించి, నాలుగు కాయల్నీ ఒక్కొక్కటిగా బస్తాలో వేశాడు. గోపమ్మ దబ్బనం తీసుకుని మూతి కుట్టింది.

ఇంక లారీ దాకా మోయడానికి ఆ కాలు పనికిరాదు. అప్పుడు భిక్షం అరుగు దిగాడు. "పల్లికాయ అమ్మది కాదు గద," అని మిగతావాళ్లకు శాస్త్రం చెప్పాడు. "అమ్మది ఆముదాలే. గివి ముట్టొచ్చు." హమాలీలు ఆ మాట కోసమే కాచుకుని ఉన్నట్టు లేచి వచ్చారు. డ్రైవరు బీడీ పూర్తి చేసే లోపల విత్తనమంతా లారీలో ఉంది. గోపమ్మ ఉప్పు బస్తాల మీద కూర్చుని, లారీ మలుపు తిరిగే దాకా అన్న వైపే చూసింది గానీ పోయొస్తానని చెయ్యి ఊపలేదు.

ఎల్లస్వామి కాలి వేలు వంకరగానే అతుక్కుంది. బతికినన్నాళ్లు కుంటుతూనే నడిచాడు. అమ్మ శిక్షించిందని ఊరు చెప్పుకుంది. కాదు, వంకర దొంతి శిక్షించిందని ఆయన చెప్పేవాడు. ఎవరూ నమ్మేవాళ్లు కాదు. మర్నాడు పొద్దున్నే గోదాము వాకిట్లో పసుపు పూసిన ఇంకో రాయి వెలిసింది, పాతదానికన్నా పెద్దది. అమ్మ అలిగి, పెద్దదై వచ్చిందన్నాడు భిక్షం. అతని గోళ్లలో పసుపు ఉంది. సావుకారు కోడిని మానలేదు. ఎల్లస్వామి మాత్రం ఆ కోడి ముక్క మళ్లీ ముట్టలేదు. గుర్వమ్మకు ఇప్పుడు రెండు కాళ్లూ దక్కాయి, పొయ్యికి మూడో రాయి కూడా.

కార్తీకం చివర్లో అచ్చంపేట లారీ వచ్చి ఆగింది. లారీ నిండా పల్లికాయ, కొత్త పంట, మట్టి వాసన ఇంకా పోలేదు. గోపమ్మ దిగింది. గాజులు మణికట్టు దగ్గరే ఉన్నాయి. దుమ్ము కూడా దులుపుకోకుండా ఒక బస్తా దింపించి, కుట్టు పళ్లతో తెంపి, అన్న మంచం మీద మూతి తెరిచి పెట్టింది.

"ఇగ తిను," అంది.

ఎల్లస్వామి ఒక కాయ తీసి, నలిపి, గింజలు అరచేతిలో వేసుకుని చెల్లెలి నోటి ముందు పెట్టాడు. "ముంగట నువ్వు తిను బిడ్డా" అన్నాడు. ఆమె తిన్న తర్వాతే ఆయన రెండో కాయ ఒలుచుకున్నాడు. ఆ గోదాముకు వచ్చిన సరుకంతటిలో మేస్త్రి కన్నా ముందు ఇంకొకరి నోట్లో పడింది అదొక్కటే.